కుక్కపిల్లను ఎక్కడ తెచ్చుకోవాలి?

ఫోన్‌లో ఫొటో చూసి బేరం కుదుర్చుకోవడం, నిజామాబాద్ బస్టాండులో అట్టపెట్టె అందుకోవడం: ఈ పద్ధతి మానాలి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, తల్లికుక్కను చూపించమనండి. కుదరదంటే వెనక్కి వచ్చేయండి.

అసలు కొనడమెందుకు? దట్టమైన బొచ్చున్న హస్కీ మన మే నెల ఎండకు గచ్చు మీద పడి రొప్పుతుంది. ఊరకుక్క ఇక్కడి వేడికి అలవాటుపడ్డ జాతి. పాలు మరిచిన పిల్లను తెచ్చుకుని, పశువైద్యుడికి చూపించి, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పన్నెండు, పదిహేనేళ్లు సాకగలమా అన్నది ఇంటిల్లిపాదీ ముందే తేల్చుకోవాలి.

నిజామాబాద్ కార్పొరేషన్, బోధన్ మున్సిపాలిటీ నెలకోసారి దత్తత శిబిరం పెట్టి, టీకా అక్కడే వేయించాలి.