టికెట్లు మూడు, పూచీ సున్నా

మన దేశంలో విమానాలు బాగానే తిరుగుతున్నాయి. రైళ్ళూ బాగానే తిరుగుతున్నాయి. ఫోన్లో నొక్కితే కారు ఇంటి ముందుకొస్తుంది. చిక్కంతా ఒకదాన్నించి ఇంకోదానికి మారే చోటే. అక్కడ మాత్రం ఎవరూ ఉండరు. పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ, సూట్‌కేసుల్నీ వేసుకుని మనమే ఉంటాం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మూడు టీములు మూడు మాడ్యూళ్ళు రాస్తాయి. దేనికది టెస్ట్ చేస్తే అన్నీ పాస్. కలిపి నడిపితే ఢమాల్! "మా వైపు అంతా బాగానే ఉందండీ" అని మూడు టీములూ మెయిల్ పెడతాయి. ఆఫీసులో అయితే ఆ గొడవ తేల్చడానికి ఓ మేనేజరో, ఆర్కిటెక్టో ఉంటాడు. ప్రయాణంలో ఆ ఉద్యోగం టికెట్లు కొన్నవాడిదే. జీతం ఉండదు, తిట్లు మాత్రం టైముకి అందుతాయి.

ఈ మధ్య నాన్నగారి సంవత్సరికానికి డాలస్ నుంచి అమలాపురం దగ్గర మా ఊరికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లుగా మా దగ్గరే ఉన్న అమ్మ. గల్ఫ్ మీదుగా హైదరాబాదుకి విమానం, సికిందరాబాదు నుంచి రాజమండ్రికి రాత్రి రైలు, అక్కణ్ణుంచి కారు. విమానం దిగడానికీ రైలెక్కడానికీ మధ్య ఆరు గంటల ఖాళీ. పుట్టినరోజైతే ఆదివారానికి జరుపుకోవచ్చు. తిథికి రీషెడ్యూల్ లేదు కదా.

గల్ఫ్‌లో ఎక్కాల్సిన రెండో విమానం నాలుగు గంటలు లేటు. తీరా ఎక్కేటప్పుడు "పైన చోటు లేదు" అని చేతిలో ఉన్న చిన్న పెట్టెలు కూడా తీసుకుని కిందకి పంపించేశారు. అమ్మ ఇన్సులిన్ అందులోనే ఉంది. మా ఆవిడ ఆఖరి నిమిషంలో జిప్పు లాగి ఆ డబ్బా బయటికి తీసింది కాబట్టి సరిపోయింది. హైదరాబాదులో ఏడు సూట్‌కేసులకి ఆరే వచ్చాయి. ఏడోదాని కోసం కాగితం రాయించుకుని బయటపడేసరికి రాత్రి 8.45. రైలు 9 గంటలకి. శంషాబాదు నుంచి సికిందరాబాదుకి పదిహేను నిమిషాల్లో వెళ్ళాలంటే హనుమంతుడే దిగి రావాలి.

ఇక జవాబులు వినండి. విమానం వాళ్ళు: "మీ టికెట్టు హైదరాబాదు వరకే సార్, చేర్చేశాం." రైలు వైపు నుంచి చూస్తే, బండి టైముకే కదిలింది, ఎక్కాల్సిన మేమే లేము. ఐదు ఏసీ టికెట్లకీ రూపాయి వెనక్కి రాదు. రాజమండ్రి కారతను: "అడ్వాన్సు తిరిగివ్వడం ఉండదండీ." ముగ్గురిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి రూలు ప్రకారం వాళ్ళు రైటే. నాకు కడుపు మండింది అందుకే. మోసం చేస్తే తిట్టచ్చు, అందరూ రైటయితే ఎవర్ని తిడతాం?

ఆ రాత్రి పదింటికి ఎయిర్‌పోర్టు బయట ఓ పెద్ద కారు మాట్లాడుకున్నాం. నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు. సూర్యాపేట దగ్గర పంక్చరు. స్టెప్నీ దింపి చూస్తే అందులోనూ గాలి లేదు. ఎలాగో బాగుచేయించుకుని కోదాడ చేరేసరికి డ్రైవరు బండి ఆపి మొహం మీద నీళ్ళు కొట్టుకుంటున్నాడు. అడిగితే అప్పుడు చెప్పాడు, పొద్దుటి నుంచీ బండి మీదే ఉన్నానని. నాకు గుండె జారింది. అమ్మ మాత్రం తొణక్కుండా, "బాబూ, పక్కన ఆపి పడుకో నాయనా. ఆయన ఫొటో పక్కన ఇంకో ఐదు ఫొటోలు నాకొద్దు" అంది. పెట్రోలు బంకులో రెండున్నర గంటలు ఆగాం. పదకొండున్నరకి ఇల్లు చేరాం. మావయ్య పంచె కట్టుకుని కార్యక్రమానికి కూర్చున్నాను. పెట్టె నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

ఇది డబ్బు సంగతి కాదని అందుకే అంటున్నాను. కనెక్షన్ తప్పిపోతే టికెట్ డబ్బులు పోతాయి, సరే. కానీ అర్ధరాత్రి హైవే మీదకి, నిద్రలేని డ్రైవరు చేతిలోకి కుటుంబాన్ని తోసేది కూడా అదే తప్పిపోయిన కనెక్షన్. ఆ రిస్కు ఎవరి పుస్తకాల్లోనూ కనపడదు.

"ఒక రోజు ముందే రావచ్చుగా" అంటారు పెద్దమనుషులు. రావచ్చు. అంటే ఒక రోజు సెలవు, ఒక రాత్రి హోటలు, పిల్లలకి ఒక రోజు బడి, అన్నీ మనమే పెట్టుకోవాలన్నమాట. ఎవరో చేసే ఆలస్యానికి మనం ముందే కట్టే జరిమానా అది.

పోనీ వేరే దారి లేదా అంటే, ఉంది. మన రైల్వేలోనే ఉంది! 2019 ఏప్రిల్ 1 నుంచి వరుసగా ఎక్కే రెండు రైళ్ళ పీఎన్నార్లు కలుపుకోవచ్చు. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, వెళ్ళని ప్రయాణానికి ఛార్జీ కోతల్లేకుండా తిరిగిస్తారు. అంటే సూత్రం ఒప్పుకున్నట్టే. జర్మనీలో ఇంకో అడుగు ముందుకేశారు. కొలోన్ రైల్వే స్టేషనుకి విమానాశ్రయానికి ఉన్నట్టే క్యూకేఎల్ అని మూడక్షరాల కోడు ఉంది. ఫ్రాంక్‌ఫర్టులో దిగి అదే టికెట్టు మీద రైలెక్కుతారు. విమానం లేటయితే తర్వాతి రైల్లో పంపించడం టికెట్టు అమ్మినవాళ్ళ పని. యూరప్ విమాన ప్రయాణికుల హక్కుల లెక్క కూడా (2004లో వచ్చిన 261వ నంబరు నిబంధన) ఒకే బుకింగులో ఆఖరి ఊరికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే చూస్తుంది. బుకింగులు విడివిడిగా ఉంటే ఆ రక్షణా తెగిపోతుంది.

మనకి కావలసింది పెద్ద పథకమేం కాదు. రైలు టికెట్టు కొనేటప్పుడు విమానం నంబరు, తేదీ వేసే గడి ఒకటి. దానికి కాస్త రుసుము తీసుకోమనండి, ఇష్టమున్నవాళ్ళే కడతారు. "విమానం లేటయితే రైల్వేకి ఎందుకు నష్టం?" అంటారా? మేం రైలు అందుకోవడం కష్టమని గల్ఫ్‌లో విమానం కదలకముందే తేలిపోయింది. ఆ సమాచారం విమానం వాళ్ళ కంప్యూటర్లో ఉంది, రైల్వే కంప్యూటర్లో లేదు. ఉండుంటే చార్టు వేయకముందే మా ఐదు బెర్తులు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో కుటుంబానికి వెళ్ళేవి. మాకు డబ్బు, వాళ్ళకి బెర్తు, రైల్వేకి మళ్ళీ ఛార్జీ. ఇందులో నష్టపోయేదెవరో చెప్పండి.

అది వచ్చేదాకా మన జాగ్రత్త మనది. విమానాలన్నీ ఒకే బుకింగులో ఉండేలా చూసుకోండి. ఇన్సులిన్ లాంటి మందులు చక్రాల పెట్టెలో కాకుండా ఒంటికి తగిలించుకునే సంచీలో పెట్టండి. కింది అరలో గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. పెట్టె రాకపోతే కాగితం రాయించుకోకుండా ఎయిర్‌పోర్టు దాటకండి. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం (మన దేశం 2009లో చేరింది) ఆలస్యమైన పెట్టె చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రాత్రి కారు తప్పకపోతే, రేటు కంటే ముందు డ్రైవరు ఎప్పుడు నిద్రపోయాడో అడగండి.

వేరువేరు బ్యాంకుల ఖాతాల మధ్య క్షణంలో డబ్బు పంపే వ్యవస్థ కట్టుకున్న దేశం మనది. ఒక విమానం లేటయిందని ఒక రైలుకి చెప్పడం అంతకంటే కష్టమంటే, ఈ వృత్తిలో ఉన్నవాడిగా నేను నమ్మను.