పొగగొట్టం దగ్గరే గాలిని కడగాలి

బొగ్గు పొగను శుభ్రం చేయడం కొత్త విద్య కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం తీరంలో లోహాలు కరిగించే కర్మాగారం వదిలే ఆమ్లపు తుంపరలను పట్టడానికి కాట్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త విద్యుత్తును వాడి, 1908లో పేటెంటు పొందారు. ఈనాడు మన థర్మల్ కేంద్రాల్లో బూడిదను పట్టే ఈఎస్పీలు (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు) పనిచేసేది ఆ సూత్రం మీదే. అయితే అవి పట్టేది రేణువులనే. బొగ్గులోని గంధకం కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కాబట్టి వాటిని దాటిపోతుంది. దాన్ని లండన్‌లోని బాటర్సీ విద్యుత్ కేంద్రం 1930లలోనే థేమ్స్ నీటితో కడిగింది. 1970ల నుంచి జపాన్, అమెరికా సున్నపురాయి పొడి కలిపిన నీళ్లతో కడుగుతున్నాయి. ఎఫ్‌జీడీ అనే ఈ పద్ధతిలో 90 శాతానికి పైగా గంధకం ఆగిపోయి, జిప్సంగా మారుతుంది.

మన కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాల పొగలోని గంధకానికి హద్దు పెట్టి రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు పదేపదే వాయిదా పడింది. చివరికి 2025 జూలైలో అత్యధిక కేంద్రాలకు, పొగగొట్టం తగినంత ఎత్తుంటే చాలంటూ, మినహాయింపే ఇచ్చేసింది. ఈ నిర్ణయం తప్పు. మన బొగ్గులో గంధకం తక్కువే, కేంద్రాల చుట్టూ గాలిలో ఈ వాయువు పరిమితి దాటడం లేదన్నది దీన్ని సమర్థించేవారి వాదన. బొగ్గులో గంధకం తక్కువన్నది నిజం. కానీ ఆ బొగ్గు ఇచ్చే వేడి కూడా తక్కువే గనుక ఎక్కువ తగలబెడతాం. పైగా ఎత్తు పొగను దూరం పంపుతుందే తప్ప తగ్గించదు. దారిలో ఆ వాయువు సల్ఫేటు రేణువులుగా మారి, వందల కిలోమీటర్ల అవతల ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని ధూళిలో కలుస్తుంది. విద్యుత్ కేంద్రం పక్కన వాయువును మాత్రమే కొలిస్తే ఈ హాని లెక్కకు రాదు. ఈ ధూళి నుంచి తప్పించుకోవడానికి ఇంట్లో గాలిని వడకట్టే ప్యూరిఫయర్ పెట్టుకుంటే తలుపులు మూసిన ఆ ఒక్క గదికే రక్షణ. పొలంలో, రోడ్డు మీద పనిచేసేవారి మాటేమిటి?

ఎఫ్‌జీడీ ఖర్చు మాట నిజమే, కరెంటు ధర కొంత పెరుగుతుంది. దాన్ని పెట్టకపోతే అదే ఖర్చు ఆసుపత్రి బిల్లుగా, అదీ కరెంటు తక్కువ వాడే పేదలమీద ఎక్కువగా పడుతుంది. సున్నపురాయికి పల్నాడులో, ఉమ్మడి నల్లగొండలో కొదవ లేదు. మిగిలే జిప్సం అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకే ముడిసరుకు.

కేంద్ర ప్రభుత్వం మినహాయించినా రాష్ట్రాల చేతులు కట్టేసి లేవు. 1986 పర్యావరణ నియమాలు కేంద్ర ప్రమాణాలకన్నా కఠినమైనవి విధించే అధికారాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండళ్లు దాన్ని వాడి, రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి సహా ప్రతి థర్మల్ కేంద్రానికి ఎఫ్‌జీడీ గడువు నిర్ణయించాలి. పొగగొట్టాల్లో నమోదయ్యే గంధకపు లెక్కలను రోజూ తెలుగులో ప్రకటించాలి. ఈ రెండు కోర్కెలపై మీ గ్రామసభలో తీర్మానం చేయించి మండలికి పంపండి.