శిక్షకునిపై విమర్శ: జట్టుకు మందా, గాయమా?

భారత ఫుట్‌బాల్ జట్టు పద్నాలుగు నెలలు తిరగకముందే ముగ్గురు శిక్షకుల చేతులు మారింది. క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్‌ను 2024 జూన్‌లో తొలగించారు. జూలైలో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ బాధ్యతలు స్వీకరించి, ఏడాది నిండేసరికి, 2025 జూలైలో, పరస్పర అంగీకారంతో వైదొలగారు. ఆగస్టులో ఖాలిద్ జమీల్ ఆ స్థానంలోకి వచ్చారు. ఓటమి ఎదురైన ప్రతిసారీ పత్రికల వేలు, టీవీ చర్చల వేలు, సామాజిక మాధ్యమాల వేలు ముందుగా శిక్షకునివైపే తిరిగాయి. శిక్షకుడు మారాడు, ఫలితం మాత్రం మారలేదు. 2025 అక్టోబరు 14న మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2 తేడాతో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హత పొందే అవకాశాన్ని జట్టు కోల్పోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ పరాజయం తప్పలేదు.

ఈ నేపథ్యంలో ఒక ప్రశ్న తలెత్తడం సహజం. శిక్షకునిపై కురిసే విమర్శ జట్టును సరిదిద్దుతుందా, కూలదోస్తుందా? చరిత్రను పరిశీలిస్తే రెండింటికీ నిదర్శనాలు కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ భేదం ఎక్కడున్నదో తెలుసుకోవడం పెద్ద పత్రికలకే కాదు, సరిహద్దు పల్లెల కుటుంబాలకు కూడా అవసరమే.

పల్లెకు ఏమి సంబంధం?

2019 నవంబరులో వేలూరు జిల్లా నుండి విడివడిన రాణిపేట జిల్లాలో చేరిన అరక్కోణం రైల్వే కూడలి. ఆ పట్టణంలోనూ, వేలూరు, గుడియాత్తం పరిసరాల్లోనూ, చిత్తూరు జిల్లా అంచు గ్రామాల్లోనూ ఆటలో రాణించే పిల్లవానికి రైల్వే, పోలీసు, సైన్యం కొలువుల్లోని క్రీడాకారుల కోటా ఒక ఆశాదీపం. ఎకరం భూమి కూడా లేని ఇంటికి ఆ కొలువు ఒక తరం బతుకును నిలబెడుతుంది. అందుకే పాఠశాల జట్టులో ఎవరిని ఆడించారు, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టారు అన్నది అక్కడ వట్టి ఆటమాట కాదు. జాతీయ జట్టు శిక్షకుడు పత్రికల నోట పడితే, పల్లె పీటీ మాస్టారు వాట్సాప్ గుంపుల నోట పడుతున్నారు. స్థాయిలో ఎంత తేడా ఉన్నా జట్టులో జరిగేది ఒకటే.

రహీం చెప్పిన పాఠం

భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగాన్ని తెచ్చిన శిక్షకుడు హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తయింది. శిక్షకుని తల ఎగిరిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. అయితే ఆ ఓటమి నుండి బయటపడిన అసలు లోపం వేరు. భారత క్రీడాకారుల్లో పెక్కుమంది ఆ చలిదేశపు మైదానంలో బూట్లు లేకుండా ఆడారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ తర్వాతనే బూట్లను తప్పనిసరి చేసింది. ఓటమి రేపిన ప్రశ్న మనిషి దగ్గర ఆగిపోక కారణం దాకా వెళ్లినందువల్ల కలిగిన మేలు అది. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, రహీం శిక్షణలోనే భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అందుకున్న అత్యున్నత స్థానం నేటికీ అదే.

1962 జకార్తా ఆసియా క్రీడలు మరో కోణాన్ని చూపుతాయి. తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడంపై భారత క్రీడాధికారి జి.డి. సోంధీ చేసిన వ్యాఖ్య అక్కడ ఆగ్రహాన్ని రగిలించింది. ఫైనల్‌కు ముందురోజు అల్లరి మూక భారత రాయబార కార్యాలయంపై దాడి చేసింది. మైదానంలో ప్రేక్షక జనమంతా భారత జట్టుకు వ్యతిరేకమే. జట్టు పరిస్థితీ అంతంతమాత్రమే. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్. జ్వరం నుండి తేరుకుంటున్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. రహీం రక్షణ వరుసలోని జర్నైల్‌ను ముందు వరుసకు పంపారు. తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి నిలబెట్టారు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేశారు. తొలి ఓటమితోనే తీర్పు చెప్పినవారు ఎవరైనా ఉంటే ఆ తీర్పు పది రోజులు కూడా నిలవలేదన్నమాట. క్యాన్సర్‌తో రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.

హైదరాబాదులో పుట్టి మద్రాసు రెజిమెంటు తరఫున ఆడిన తంగరాజ్, సికింద్రాబాదు బాలరాం, కలకత్తా చున్నీ గోస్వామి, పంజాబు జర్నైల్ ఒకే జట్టుగా నిలవడం గమనార్హం. 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ చిత్రం రహీంకూ కలకత్తా పత్రికా ప్రముఖునికీ మధ్య వైరాన్ని కథగా మలచింది. అందులో సినిమాకు కావలసిన కల్పన పాలు ఎక్కువే. అయితే ఏ ఊరి శిక్షకుడు ఏ ఊరి ఆటగాళ్లను ఎంచుకున్నాడని లెక్కపెట్టే అలవాటు మాత్రం కల్పన కాదు.

ఒకే నిప్పు, రెండు ఫలితాలు

1982 ప్రపంచ కప్‌కు వెళ్లిన ఇటలీ శిక్షకుడు ఎంజో బెయార్జోత్‌ను స్వదేశ పత్రికలు తూర్పారబట్టాయి. పందేల కుంభకోణంలో రెండేళ్ల నిషేధం ముగించుకొని అప్పుడే వచ్చిన పావొలో రోసీని ఎంపిక చేయడమే ఆయన చేసిన పెద్ద నేరమైంది. తొలి మూడు మ్యాచ్‌లూ డ్రాగా ముగియడంతో విమర్శ ఆటగాళ్ల వ్యక్తిగత జీవితాల వరకూ పాకింది. జట్టు పత్రికలతో మాట్లాడటం మానివేసింది. నలభై ఏళ్ల కెప్టెన్ డీనో జోఫ్ ఒక్కరే అందరి తరఫున నోరు విప్పేవారు. తర్వాత అర్జెంటీనా, బ్రెజిల్, పోలండ్, పశ్చిమ జర్మనీలను వరుసగా ఓడించి ఇటలీ కప్పు గెలిచింది. ఏ రోసీ కోసం శిక్షకుడు నిందలు పడ్డారో ఆ రోసీయే ఆరు గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచారు.

2010లో ఫ్రాన్స్ జట్టుది దీనికి పూర్తి విరుద్ధమైన కథ. శిక్షకుడు రేమో డొమెనెక్‌పై విమర్శలు అప్పటికే ఏళ్లుగా సాగుతున్నాయి. మెక్సికోతో మ్యాచ్ విరామ సమయంలో నికొలా అనెల్కా శిక్షకుణ్ణి దూషించారంటూ ‘లెకీప్’ పత్రిక మొదటి పుటలో ప్రచురించింది. అనెల్కాను ఇంటికి పంపారు. అందుకు నిరసనగా ఆటగాళ్లు సాధనను బహిష్కరించారు. వారి ప్రకటనను శిక్షకుడే చదివి వినిపించవలసిన దుస్థితి దాపురించింది. దక్షిణాఫ్రికా చేతిలో కూడా ఓడి ఆ జట్టు తన గ్రూపులో అట్టడుగున నిలిచి ఇంటిదారి పట్టింది.

రెండు చోట్లా పత్రికల నిప్పు ఒకటే. ఇటలీ జట్టు లోపల ఆటగాళ్లకు శిక్షకునిపై నమ్మకం ఉన్నది. ఆ నిప్పు వారిని ఇంకా దగ్గరకు చేర్చింది. ఫ్రాన్స్‌లో ఆ నమ్మకం ముందే బీటలు వారింది. నిప్పు ఆ బీటల గుండా లోపలికి పోయింది.

విమర్శ లోపలికి చేరే దారులు

విమర్శ జట్టును మూడు దారుల్లో తాకుతుంది. మొదటిది ఆటగాని కాలు. శిక్షకుడు నమ్మి ఎంచుకున్న కుర్రవాణ్ణి ‘ఆయన మనిషి’ అని ముద్ర వేస్తే, ఆ కుర్రవాడు తప్పు చేయకుండా ఉండటానికే ఆడతాడు. ముందుకు వేయవలసిన బంతిని పక్కకు, పక్కకు వేయవలసినది వెనక్కు వేస్తాడు. రెండవది ఆటగాళ్ల నడుమ చీలిక. చోటు దొరకనివాడు తన గోడును బయటివారి చెవిన వేస్తాడు. అది వార్తగా తిరిగి వచ్చి జట్టులో అనుమానం నాటుతుంది. మూడవది, అన్నింటికంటే ప్రమాదకరమైనది, నియమించినవారి భయం. నింద తమ మీదికి వస్తుందేమోనని వారు శిక్షకుణ్ణి ముందుకు తోసి తాము వెనక్కు తప్పుకొంటారు.

మనోలో మార్కెజ్ ఉదంతం ఇందుకు ఉదాహరణ. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ అందించిన శిక్షకుడు ఆయనే. జాతీయ జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లు ఆడించి ఒక్కటి మాత్రమే గెలిపించగలిగారు. మనిషి అదే, విద్య అదే. ఫలితంలో ఇంత తేడాకు శిక్షకుడొక్కడే కారణం కాజాలడు. ఒకవైపు గోవా క్లబ్బుకూ, మరోవైపు దేశానికీ ఏకకాలంలో శిక్షణ ఇవ్వడాన్ని తప్పుపట్టిన విమర్శ న్యాయమైనదే. కాని ఆ ఏర్పాటుకు అనుమతి ఇచ్చిందెవరు? 2025 జూలైలో హక్కుల ఒప్పందంపై ప్రతిష్టంభన వల్ల ఇండియన్ సూపర్ లీగ్ కొత్త సీజన్ నిలిచిపోయింది. ఆర్థికంగా నలిగిన హైదరాబాద్ ఎఫ్‌సీ అదే ఏడాది ఢిల్లీకి తరలి పేరు మార్చుకున్నది. రహీం నగరానికి ఆ లీగులో జట్టే లేకుండా పోయింది. ఇవి శిక్షకుడు ఎంచుకున్న పదకొండు మంది వల్ల జరిగినవి కావు. శిక్షకుణ్ణి తిట్టడంలో మునిగిన చర్చ అసలు బాధ్యులకు గొడుగు పట్టిందని చెప్పక తప్పదు.

విమర్శ మానాలా?

అక్కరలేదు. శిక్షకుణ్ణి ప్రశ్నించకూడదంటే ఆట బాగుపడదు. ఒక ఊరివారినే ఎంచుకున్నా, గాయపడ్డ పిల్లవాణ్ణి బలవంతంగా ఆడించినా, డబ్బుకు చోటు అమ్ముకున్నా నిలదీయడం తల్లిదండ్రుల హక్కు, పత్రికల విధి. భేదమంతా ఎలా నిలదీస్తున్నారన్న దానిలోనే ఉన్నది. ఫలానా మ్యాచ్‌లో ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారని అడగడం విమర్శ. ‘చేతకానివాడు’ అనడం తిట్టు. విమర్శకు జవాబు ఉంటుంది. తిట్టుకు జవాబు ఉండదు, పగ మాత్రమే మిగులుతుంది.

అరక్కోణం చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇదే కొలమానం వర్తిస్తుంది. జట్టు ఓడిన సాయంత్రం గుంపులో రాసిన మాటను పీటీ మాస్టారి కంటే ముందు ఆయన శిష్యులు చదువుతారు. ఇంట్లో తండ్రి నోట ‘ఆ అయ్యవారికి ఏం తెలుసు’ అన్న మాట విన్న పిల్లవాడు మరునాడు మైదానంలో ఆయన చెప్పిన మాట వినడు. ఫిర్యాదు ఉంటే మాస్టారినే నేరుగా కలిసి అడగవచ్చు; తీరకపోతే ప్రధానోపాధ్యాయుని దగ్గరకు వెళ్లవచ్చు. మైదానం చదునుగా ఉన్నదా, పిల్లలకు బూట్లు ఉన్నాయా, సాధనకు రోజుకు ఎంత సమయం ఇస్తున్నారు అన్న ప్రశ్నలను పంచాయతీని, పాఠశాల యాజమాన్యాన్ని అడగవచ్చు. 1952లో పది గోల్స్ తిన్న తర్వాత దేశానికి తెలిసివచ్చినది కూడా బూట్ల సంగతే. ఆ ప్రశ్న మళ్లీ వేసుకోవడానికి ఏ పల్లె జట్టూ పది గోల్స్ తినేవరకు ఆగనవసరం లేదు.