జేబులో ఇమిడే పిస్తోలు: గుప్తమా, రక్షితమా?

సంస్కృతంలో ‘గుప్’ ధాతువుకు రక్షించుట అని అర్థం. దానినుండి పుట్టిన ‘గుప్తము’ అనే మాటకు మాత్రం రక్షింపబడినది అనీ, దాచబడినది అనీ రెండర్థాలున్నాయి. చేతికర్రలో కత్తిని దాచిన ఆయుధాన్ని మనవారు ‘గుప్తి’ అన్నారు. దాచుకొన్నదెల్లా కాపాడుతుందా అన్న ప్రశ్న ఆ మాటలోనే ఇమిడి ఉన్నది.

తెలుగు పంతులుకు తుపాకుల ప్రసక్తి ఎందుకని మిత్రులకు అనిపించవచ్చు. టెక్సాస్‌లో స్థిరపడి, గ్రీన్‌కార్డు కూడా పొందిన మా మేనల్లుడు “మామయ్యా, జేబులో పెట్టుకొనే చిన్న పిస్తోలు కొందామనుకొంటున్నాను, మీరేమంటారు?” అని వ్రాస్తూ మూడింటి వివరాలు పంపాడు. వానికి నాలుగేళ్ళ కూతురున్నది. అందువల్ల శ్రద్ధగా చదువవలసి వచ్చింది.

మొదటిది 2008లో వచ్చిన రూగర్ ఎల్సీపీ. ఖాళీగా సుమారు 270 గ్రాములు. .380 తూటాలు ఆరు మ్యాగజైనులో, మరొకటి గొట్టంలో. రెండవది స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వరు. సుమారు 410 గ్రాములు, .38 స్పెషల్ తూటాలు ఐదు. సుత్తి లోపలే ఉంటుంది గనుక జేబుగుడ్డకు తగులుకోదు. మూడవది 2018లో వచ్చిన సిగ్ పీ365. సుమారు 500 గ్రాములు, 9 ఎం.ఎం. తూటాలు పది, గొట్టంలో మరొకటి.

కాగితం మీద చూస్తే తేలికైన మొదటిదే మేలనిపిస్తుంది. కాని తుపాకీ తేలికైనకొద్దీ అది వెనక్కు తన్నే తన్ను పదునెక్కుతుంది. పిడిమీద రెండు వేళ్ళకే చోటు. పిస్తోలు మొత్తమే జానెడుండదు గనుక, గురిచూసే రెండు గుర్తుల నడిమి దూరం మరీ తక్కువ. చేయి రవంత వణికినా గురి తప్పుతుంది. రివాల్వరు సరళమైనదే కాని మీటను గట్టిగా లాగవలసి ఉంటుంది. పీ365 కాల్చడానికి వీటికంటె అనువైనది, అయితే అది జేబుకు బరువు. నడుముకు ఒర కావాలి.

ఇందులో నాకు తోచిన సత్యమిది: దాచుకొనడానికి ఎంత సులువో, గురికి అంత కష్టం. విచిత్రమేమంటే ఈ అతిచిన్న పిస్తోళ్ళనే కొత్తవారికి, ఆడవారికి, వృద్ధులకు తగినవిగా చెబుతారు. ఘంటం పట్టడమే రానివానిని సూక్ష్మాక్షరాలలో తాటాకు వ్రాయమన్నట్లున్నది! మన దేశంలోనూ 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళలకోసమని ‘నిర్భీక్’ రివాల్వరును తెచ్చింది. అర కిలో బరువు, .32 తూటా, వెల 1,22,360 రూపాయలు. పేరులో ధైర్యమున్నంత మాత్రాన చేతికి అభ్యాసం రాదు గదా.

చిన్నది గదా అని .380 తూటాను తేలికగా తీసుకోరాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ తూటా 1908లో వెలువడింది. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపినది అదే. 1948 జనవరి 30న బెరెట్టా పిస్తోలు నుండి గాంధీగారిని తాకినదీ ఆ తూటాయే. రెండుచోట్లా పిస్తోలు చిన్నది, దాచి తెచ్చినది. దాచిన ఆయుధం ముందుగా వేళను ఎంచుకొన్నవానికే ఎక్కువ ఉపకరిస్తుంది. దాడి చేసేవానికి ఆ వేళ తెలుసు, ఆత్మరక్షణ చేసుకొనేవానికి తెలియదు. 2017లో కన్సాస్ రాష్ట్రంలో మిత్రునితో కూర్చొని ఉన్న తెలుగు ఇంజనీరును ఒకడు జాతిద్వేషంతో కాల్చి చంపిన ఘోరం మనమెవరమూ మరువలేదు. అటువంటిచోట జేబులోని పిస్తోలు బయటికి తీసేపాటి వ్యవధి దొరుకుతుందా?

రాత్రివేళ గ్యాస్ స్టేషనులో ఒంటరిగా నిలబడే మనవారి భయం నాకు తెలియనిది కాదు. పోలీసులు వచ్చేలోగా నా దిక్కేమిటి అని వారడిగితే, అది కొట్టిపారవేయదగిన మాట కాదు. చట్టం కూడా కాదనడం లేదు. టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండినవారు, చట్టం నిషేధించనివారు, 2021 సెప్టెంబరు 1 నుండి ప్రత్యేక అనుమతి లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయితే మన విద్యార్థులు, హెచ్1బీ ఉద్యోగులు గమనించవలసినది ఒకటున్నది: అటువంటి వీసాలవారు తుపాకీ కలిగి ఉండడాన్ని, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టమే నిషేధిస్తుంది.

ఇక ఇల్లు. 2024లో అమెరికాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థి ఒకడు తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడన్న వార్త చదివినప్పుడు నాకు అన్నం సహించలేదు. అక్కడ శత్రువెవడూ లేడు. పసిపిల్ల తిరిగే ఇంట్లో, పంట్లాము విప్పి కుర్చీమీద వేసిన క్షణాన, జేబులోని ఆయుధం ఎవరి చేతికైనా అందుతుంది.

కనుక నా అభిప్రాయం ఇది. మూడింటిలో ఒకటి చెప్పమంటే బరువైన మూడవదానినే చెబుతాను; అదీ నెలనెలా గురి అభ్యసించే ఓపిక, మీటను కప్పే గట్టి ఒర, ఇంట్లో తాళంపడే పెట్టె ఉన్నవారికే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అసలు కొనకపోవడమే క్షేమం. మేనల్లునికీ ఇదే వ్రాశాను, పిస్తోలుకంటె ముందు పెట్టె కొనమని. అమెరికాలోని మిత్రుల అనుభవం వేరైతే తప్పక తెలుపగలరు.