విమానాశ్రయం సరే, గల్ఫ్ దారి మాటేమిటి?

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం రూపుదిద్దుకున్నది. 2026 జనవరి 4న అక్కడ తొలి పరీక్షా విమానం దిగినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలు ఎంతో సంతోషించారు. మేమూ సంతోషించాము. 3,800 మీటర్ల రన్‌వే, ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపడే తొలి దశ నిర్మాణం వెనుకబడిన ఈ ప్రాంతానికి చిన్న విషయం కాదు. అయితే అక్కడ నుండి లేచే విమానం ఎక్కడికి వెళ్తుంది, ఎన్నాళ్ళు నడుస్తుంది, అర్ధాంతరంగా ఆగిపోతే ప్రయాణికుని గతి ఏమిటి అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వాటిని ఇప్పుడే అడగవలసి ఉన్నది.

శుక్రవారం నమాజు తరువాత మసీదు వరండాలో మేము కొందరు విశ్రాంత ఉద్యోగులం కూర్చుని దరఖాస్తులు నింపుతుంటాము. పాస్‌పోర్టు, పింఛను, స్కాలర్‌షిప్పు, హజ్ దరఖాస్తు, ఏదైనా సరే. కొన్నేళ్ళ క్రితం సోంపేట వైపు నుండి ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. గల్ఫ్‌లో వెల్డింగు పని. చెల్లెలి పెళ్ళికి సెలవుపై వచ్చి, తిరుగు ప్రయాణానికి విశాఖ విమానాశ్రయానికి వెళితే ఆ సర్వీసునే ఎత్తివేశారని తెలిసింది. సమాచారం ఏజెంటు ఫోనుకు వచ్చిందట, అది అతనికి చేరలేదు. రాత్రికి రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరి, అప్పు తెచ్చిన సొమ్ముతో కొత్త టిక్కెట్టు కొని వెళ్ళాడు. ఆలస్యమైనందుకు అక్కడి యజమాని జీతంలో కోత వేశాడు. పాత టిక్కెట్టు సొమ్ము కోసం అతని తండ్రి తరఫున మేము నాలుగు అర్జీలు రాశాము. సొమ్ము వచ్చేసరికి ఏడు నెలలు గడిచాయి. ఆ యువకుడు ముస్లిం కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో చివరికి తెలుస్తుంది.

విశాఖ నుండి విదేశాలకు నడిచిన విమానాల చరిత్ర చూస్తే రావడం, పోవడం, చేతులు మారడం అలవాటుగానే జరిగాయి. 2011లో సిల్క్ ఎయిర్ సింగపూరుకు సర్వీసు ప్రారంభించింది. 2019 అక్టోబరులో అదే మార్గాన్ని ఆ గ్రూపుకే చెందిన చౌక విమాన సంస్థ స్కూట్ తీసుకున్నది. దారి నిలిచింది, సంతోషమే. కాని మునుపు టిక్కెట్టులోనే కలిసి ఉన్న భోజనం, సామాను చౌక టిక్కెట్టులో విడిగా కొనుక్కోవలసినవి అయ్యాయి. ఇంటికి పెట్టె నింపుకుని వచ్చే కూలీకి ఈ తేడా చిన్నది కాదు. ఎయిర్ ఏషియా 2015లో కౌలాలంపూరుకు విమానం నడిపి, తరువాత ఆపి, 2024 ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభించింది. 2017లో వచ్చిన శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ వారి కొలంబో సర్వీసు కొంతకాలానికి ఆగిపోయింది. హైదరాబాదు మీదుగా దుబాయికి వెళ్ళే ఎయిరిండియా విమానం కొన్నేళ్ళు నడిచింది. 2025 జూన్‌లో ఇండిగో అబుదాబికి నేరుగా సర్వీసు ప్రారంభించింది. ప్రారంభోత్సవం నాడు పూలదండలు, ఫొటోలు పత్రికల్లో చూస్తాము. ఎత్తివేసిన నాడు మాత్రం ఎవరూ వేదిక కట్టరు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. తూర్పు దేశాల విమానాలు విశాఖకు ఇన్నిసార్లు రావడానికి, గల్ఫ్ దేశాల విమానాలు రాకపోవడానికి కారణం ప్రయాణికుల సంఖ్య ఒక్కటే కాదు. ఆగ్నేయాసియా దేశాల విమాన సంస్థలు 18 భారత నగరాలకు పరిమితి లేకుండా విమానాలు నడుపుకోవచ్చని మన ప్రభుత్వం చాలా కాలం క్రితమే అనుమతించింది. ఆ జాబితాలో విశాఖపట్నం ఉన్నది. గల్ఫ్ విషయంలో పద్ధతి వేరు. అక్కడ వారానికి ఇన్ని సీట్లు అని రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉంటుంది. దుబాయికి ఒక్కొక్క పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లు. విదేశీ సంస్థ ఒప్పందంలో పేరున్న ఊళ్ళకే రాగలదు. మన దేశపు సంస్థలకు ఆ అడ్డంకి లేదు. దేశంలో ఏ ఊరి నుండైనా నడుపుకోవచ్చు, అయితే కేంద్ర పౌర విమానయాన శాఖ నుండి తమ వంతు సీట్లు పొందాలి. అంటే గల్ఫ్ దారి తెరవడం, మూయడం చాలావరకు ఢిల్లీలోని ఫైళ్ళ మీద ఆధారపడి ఉన్నది. ఫైళ్ళతో జీవితం గడిపిన మాకు ఒకటి తెలుసు: అడిగేవాడు లేని ఫైలు అడుగునే ఉండిపోతుంది.

మరి రాష్ట్ర ప్రభుత్వం ఏమి చేయగలదు? ఖాళీ సీట్ల నష్టాన్ని భరించి విమానం రప్పించవచ్చు. 2018 డిసెంబరులో విజయవాడ–సింగపూరు ఇండిగో సర్వీసు అలాగే వచ్చింది. 2019లో ప్రభుత్వం మారింది, కొద్ది వారాలకే ఆ సర్వీసు ఆగింది. తిరిగి ప్రారంభం కావడానికి ఆరేళ్ళకు పైగా పట్టింది. పొరుగున ఒడిశా ప్రభుత్వం ఇటువంటి సాయంతోనే 2023 మేలో భువనేశ్వర్ నుండి దుబాయికి నేరుగా విమానం తెప్పించింది. ఇచ్ఛాపురం, కవిటి ప్రాంతాల వారికి భువనేశ్వర్ హైదరాబాదు కంటే ఎంతో దగ్గర. ఉద్దానం బిడ్డ గల్ఫ్ వెళ్ళడానికి పొరుగు రాష్ట్రపు రాజధాని వైపు చూడవలసి రావడం మన పాలకులు ఆలోచించవలసిన విషయం.

ఇక హజ్ ప్రయాణం. 2023లో మొదటిసారిగా గన్నవరం నుండి హజ్ యాత్రికులు నేరుగా బయలుదేరారు. హైదరాబాదు, బెంగుళూరుల కంటే అక్కడ ఛార్జీ ఎక్కువ కావడంతో ఒక్కొక్కరికి 80 వేల రూపాయల చొప్పున సుమారు 1,800 మందికి నాటి రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడాను భరించింది. తరువాతి ప్రభుత్వం విజయవాడ నుండి వెళ్ళేవారికి లక్ష రూపాయల సాయం ప్రకటించింది. అయినా ఎక్కువమంది హైదరాబాదు, బెంగుళూరులనే ఎంచుకున్నారు. సాయం చేసిన వారికి కృతజ్ఞతలు చెబుతూనే, మన సంఘాల నాయకులకు ఒక మాట మనవి చేస్తున్నాము. ఏడాదికి ఒకసారి కొన్ని వారాల పాటు నడిచే విమానం కోసం మనం వినతిపత్రాలు ఇస్తున్నాము. ఏడాది పొడవునా నడవవలసిన విమానం కోసం ఒక్క పత్రమైనా ఇచ్చామా? గల్ఫ్ దారి రోజూ నడిస్తే ఉమ్రా యాత్రికుడు ఆ దారినే వెళ్తాడు. హజ్ ఛార్జీ తగ్గించమని అడగడానికీ అప్పుడే మనకు బలం ఉంటుంది. దర్జీ, మేస్త్రీ, ఇంటి పనికి వెళ్ళే ఆడబిడ్డ కూడా అదే విమానంలో వెళ్తారు. అక్కడ మరణించిన వాని భౌతికకాయం కూడా అదే విమానంలో ఇంటికి చేరుతుంది.

2011 జనగణన ప్రకారం ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. మన సంఖ్య చూసి ఏ విమానమూ రాదు. ఇది నిరాశపడవలసిన విషయం కాదు, నేర్చుకోవలసిన విషయం. ఉద్దానం మత్స్యకారుడు, పలాస ఫిట్టరు, విజయనగరం దర్జీ, సాలూరు డ్రైవరు కలిస్తే విమానం నిండుతుంది. మైనారిటీ హక్కు అంటే ఎప్పుడూ ప్రత్యేకంగా ఇచ్చేదే కానక్కరలేదు. అందరికీ రావలసిన దానిని అందరితో కలిసి అడగడం, వచ్చినప్పుడు మన వంతు మనకు అందేలా చూసుకోవడం కూడా హక్కే. సోంపేట యువకుని అర్జీ రాస్తున్నప్పుడు మాకు తట్టిన మాట ఇదే.

కేంద్ర పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులు. ఇంతకంటే అనువైన కాలం మరొకటి రాదు. మన రెండు జిల్లాల సంఘాలు, మతభేదం లేకుండా, మూడు కోరికలతో వారి వద్దకు వెళ్ళాలి. ఒకటి: గల్ఫ్ ఒప్పందాలను సవరించినప్పుడు భోగాపురం పేరు చేర్చాలి, ఈలోగా మన దేశపు సంస్థలకు ఇచ్చే సీట్లలో కొన్ని ఇక్కడి నుండి నడపాలన్న షరతు పెట్టాలి. రెండు: ప్రజాధనంతో రప్పించే సర్వీసు ఎన్నేళ్ళు నడవాలో, ఆపదలిస్తే ఎన్ని నెలల ముందు తెలియజేయాలో ఒప్పందంలో రాసి ప్రజలకు వెల్లడించాలి. మూడు: వలస కార్మికులు ఎక్కువగా ఉన్న మండలాల్లో టిక్కెట్టు ఫిర్యాదులు రాసిపెట్టే సహాయ కేంద్రం ఉండాలి.

అంతవరకు మన జాగ్రత్త మనది. టిక్కెట్టు మీద ఏజెంటు ఫోను నెంబరు కాక, ప్రయాణికుని నెంబరే రాయించండి. సంస్థ విమానం రద్దు చేస్తే మరో విమానమో, సొమ్ము వాపసో కోరుకునే హక్కు ప్రయాణికునికి ఉన్నది. ఏజెంటు ద్వారా కొన్నా సొమ్ము ఇప్పించే బాధ్యత విమాన సంస్థదేనని పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు చెబుతున్నాయి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వపు ఎయిర్ సేవాలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఒకప్పుడు కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుండి మన వాళ్ళు ఓడెక్కి రంగం వెళ్ళేవారు. నేటికీ ఈ పల్లెల్లో రంగూనును రంగమనే పెద్దలున్నారు. ఆ ఓడలు ఎప్పుడో ఆగిపోయాయి, కళింగపట్నంలో దీపస్తంభం మిగిలింది. భోగాపురం కూడా అలా చూసి రావడానికి మిగిలిన కట్టడం కాకూడదు. వచ్చే నెల నుండి వరండాలో హజ్ దరఖాస్తులతో పాటు ఈ వినతిపత్రం కూడా ఉంచుతాము. ఏ మతం వారైనా వచ్చి సంతకం చేయవచ్చు.