పదమునకు రూపము లేదా?

సంగీతమున రూపనిర్మాణ మనునది యూరపు ఖండముననే పుట్టినదనియు, మనకు రాగమే కాని కట్టడము లేదనియు వాదించు విద్యావంతులు మనలో నేటికిని గలరు. అంతకంటె హానికరమైన మాట మఱియొకటి కలదు: క్షేత్రయ్య పదములలోని శృంగారమును తుడిచివేసి, భక్తిని మాత్రము మిగిల్చి మన బాలికలకు నేర్పవలెనట! ఈ రెండు మాటలకును మూలమొక్కటే; పదమును వినక, సాహిత్యమును చదివి తీర్పు చెప్పుట.

ముందుగా వారు పొగడు సింఫనీనే పరిశీలింతము. షూబర్టు 1822లో వ్రాయ నారంభించి రెండు భాగములు ముగించి విడిచిన ‘అసంపూర్ణ’ సింఫనీ ‘బి’ మైనరులో నున్నది. అనగా ‘బి’ యను స్వరము దానికి ఇల్లు. ఆనాటి వాడుక ననుసరించి మొదటి భాగమున రెండవ పాట ‘డి’ మేజరులోనికి పోవలసి యుండగా, అతడు దానిని ‘జి’ మేజరులోనికి దింపి సెల్లో వాద్యములచే పాడించెను. ఆ పాట ముగియకుండనే తెగిపోవును. ఒక్క క్షణము నిశ్శబ్దము. పిమ్మట వాద్యబృంద మంతయు గర్జించును. ఇల్లు విడుచుట, దారిలో అడ్డుపడుట, తుదకు ఇల్లు చేరుట: ఇదియే ఆ రూపము.

మనకు షడ్జము కదలదు. తంబుర దానిని విడువదు. కావున మన నాటక మంతయు రాగము లోపలనే జరుగవలెను. పదమును అనుపల్లవితో నెత్తుకొని, తరువాత పల్లవికి వచ్చు సంప్రదాయము కలదు. అనగా శ్రోత కలహము నడుమ ప్రవేశించును. నాయిక అప్పటికే మాటాడుచుండును. పిమ్మట పల్లవి వచ్చి కారణము తెలుపును. ప్రతి చరణము వెనుకను ఆ పల్లవియే మరలి వచ్చును. మాటలు మాఱవు; అర్థము మాఱును. మొదట నిష్ఠురము, తరువాత ఎత్తిపొడుపు, ఆపైన దుఃఖము. ఆహిరి, ఘంట మొదలగు రాగములైతే ఆరోహణావరోహణముల వలన పట్టుపడునవి కావు. ఆ పలుకులు గురుముఖమున విని నేర్వవలసినదే. ఒక చరణము అసభ్యమని కొట్టివేసితిమా, పల్లవి మరలి వచ్చుటకు హేతువే లేదు. షూబర్టు నిశ్శబ్దమును చెఱపి, గర్జనమును మాత్రము ఉంచినట్లగును.

ఈ విద్య యెవరి కంఠమున నిలిచినది? ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనములలో సానుల ప్రసక్తి కలదు. గోదావరీ మండలమున కలావంతుల మేళములు కూర్చుండి అభినయించుచు పదము పాడినవి. దేవాలయములకు బాలికల నర్పించుట దురాచారమే. వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును దానిపై నెత్తిన ధ్వజము న్యాయమైనదే. 1947 నాటి మద్రాసు శాసనము రావలసినదే. ఇందు నాకు సందేహము లేదు. కాని మనము చేసిన దేమి? కొలువు మాన్పించితిమి; విద్య నడిగి నేర్చుకొనమైతిమి. మేళములను పిలిపించి పోషించిన పురుషులు మన యిండ్లవారే కదా! వారిని మన్నించి, పాడిన స్త్రీకి మాత్రము సిగ్గు నంటగట్టితిమి. ఆమె తన యింటిలోను గొంతెత్తుట మానెను.

షూబర్టు ప్రతి స్నేహితుని యింట నలువది యేండ్లకు పైగా పడియుండి, ఆయన మరణించిన ముప్పదియేడేండ్లకు, 1865లో వియన్నాలో వినబడెను. కాగితము ఓపిక గలది, కంఠమట్లు కాదు. క్షేత్రయ్య పదములు నాలుగువేలకు మించినవని ప్రతీతి. నేడు దొరకునవి కొన్ని వందలు. 1904లో సుబ్బరామ దీక్షితులుగారు ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చొత్తించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కొన్ని పదములు గమక చిహ్నములతో సహా గలవు. అది మహోపకారము. అయినను అది దక్షిణదేశపు పరంపర. గోదావరి యొడ్డున పాడిన బాణి కాదు.

“ఇట్టి మాటలు కులస్త్రీ పాడదగునా?” అని యడుగుదురు. సినిమా పాటలు పెండ్లిపందిట మ్రోగుచుండగా ఈ ప్రశ్న వినుట వింతగా నున్నది. పోనిండు, సమాధానము చెప్పెదను. పదములోని నాయిక ప్రాధేయపడునది మాత్రమే కాదు. మాట తప్పిన పురుషుని ఎదుట నిలిచి నిలదీయునది. తన కోరికను, తన కోపమును తన నోటనే చెప్పును. స్త్రీకి నోరు కావలెనని డెబ్బదియేండ్లు పోరాడిన సంస్కర్తల యింటనే ఆ నోరు మూయబడుట యేమి న్యాయము?

కాన మన ప్రాంతపు సంగీతోపాధ్యాయులను నేను కోరునది స్వల్పము. ఏడాదికి ఒక్క పదము నేర్పుడు. ముఖారిలోని దైనను సరే, ఆహిరిలోని దైనను సరే. చరణము లన్నియు నేర్పుడు, విలంబకాలమున నేర్పుడు. మేళమున పాడిన వృద్ధురాలి పాఠ మెవరి యొద్ద నైనను దొరకినచో, అది యెవరి పాఠమో ఆ పేరు చెప్పి మఱి నేర్పుడు.