పికప్ కోసం ఫిల్టర్ మారిస్తే దుమ్మును ఆపేదెవరు?

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగినా, కోన్ ఆకారంలో ఉండే ఎర్రటి ఎయిర్ ఫిల్టర్ కోసం అడిగితే దొరక్కపోదు. ఆన్‌లైన్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. పేరున్న కంపెనీదైతే ధర నాలుగైదు వేల రూపాయల పైమాటే. కారుతో వచ్చిన ఫిల్టర్ తీసేసి ఇది బిగిస్తే పికప్ పెరుగుతుందని, మైలేజీ కూడా కలిసొస్తుందని చెప్పి అమ్ముతారు. కొనేవాళ్లలో మొదటి కారు కొన్న కుర్రాళ్లే ఎక్కువ. కారంటే వాళ్లకున్న ఇష్టాన్ని తప్పుపట్టే పనిలేదు. అయితే అంత డబ్బు పెట్టి తెచ్చుకుంటున్నదేమిటో, అందుకోసం వదులుకుంటున్నదేమిటో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. డబ్బా మీద గుర్రపు బలం గురించి ఉంటుంది, దుమ్ము గురించి ఉండదు.

లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే ఇంజిన్‌కు దాదాపు 11 కిలోల గాలి కావాలి. లెక్క వేస్తే అది తొమ్మిది వేల లీటర్లకు పైనే. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ చేరేసరికి లక్షన్నర లీటర్లకు మించి గాలి పీల్చుకుంటుంది. ఆ గాలంతా పుస్తకమంత చట్రంలో మడతలు మడతలుగా అమర్చిన కాగితం గుండానే లోపలికి పోవాలి. గాలితోపాటు వచ్చే మట్టిలో ఎక్కువ భాగం సిలికా. గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దానిది ఏడు. మామూలు ఉక్కు అంతకన్నా మెత్తన. ఇంజిన్‌ను ఎక్కువగా అరగదీసేవి కంటికి కనిపించని 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు. మనిషి వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఈ రేణువులు సిలిండరు గోడ మీది ఆయిల్‌లో కలిసి, పిస్టన్ పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ రింగులనూ గోడనూ రాస్తూ ఉంటాయి. కొన్నాళ్లకు కంప్రెషన్ పడిపోతుంది. బండి ఆయిల్ తాగడం మొదలెడుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, పొగ చూసి, ఇంజిన్ బోర్‌కి వచ్చిందని తేల్చేస్తాడు.

అసలు ఎయిర్ ఫిల్టర్ పుట్టిందే ఈ అరుగుదల బాధలోంచి. 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ల సేల్స్‌మన్, పొలం దుమ్ముకు ఇంజిన్ పాడైపోతోందన్న రైతు గోడు విని, గాలిని శుభ్రం చేసే పరికరం ఒకటి తయారు చేశాడు. డొనాల్డ్‌సన్ పేరుతో నడుస్తున్న ఫిల్టర్ల కంపెనీ మొదలైంది అలాగే.

మరి ఫిల్టర్ మారిస్తే నిజంగా పికప్ పెరుగుతుందా? ఈ కాలపు పెట్రోలు కారులో గాలికి అసలు పగ్గం వేసేది థ్రాటిల్. ఊళ్లో నలభై యాభై వేగంతో వెళ్తున్నప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా ఆనుతుందంతే. థ్రాటిల్ రేకు సగం కూడా తెరుచుకోదు. ఫిల్టర్ కాస్త పూడుకుపోయి ఉంటే డ్రైవరు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కుతాడు. ఎంత గాలి లోపలికి వచ్చిందో సెన్సర్ చూసి చెబుతుంది, దానికి తగినంత పెట్రోలునే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) వదులుతుంది. అందుకే మైలేజీలో తేడా రాదు. అమెరికా ఇంధన శాఖ కింద పనిచేసే ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో దీన్ని పరీక్షించి చూసింది. బాగా పూడుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేసినా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మైలేజీ పెరగలేదు. వేగం అందుకోవడానికి పట్టే సమయం మాత్రం 6 నుంచి 11 శాతం మెరుగైంది. కార్బురేటర్ ఉన్న పాతకాలపు కార్లలోనే మైలేజీ 2 నుంచి 6 శాతం పెరిగింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ 6 నుంచి 11 శాతం వచ్చింది పాత ఫిల్టర్‌ను మార్చి కొత్తది వేసినందుకు. రేసింగ్ ఫిల్టర్ మహిమ కాదది. ఏళ్ల తరబడి ఫిల్టర్ ముఖం చూడని కారుకు మూడు నాలుగు వందల రూపాయల కాగితం ఫిల్టర్ వేసినా బండి చురుగ్గా కదులుతుంది. ఐదు వేలు పెట్టినవాళ్లు చాలామంది అదే తేడాను చూసి, ఘనతను ఎర్ర ఫిల్టర్‌కు కట్టబెడతారు.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఫిల్టర్ అడ్డు కొంత లెక్కలోకి వస్తుంది. అప్పుడైనా శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ దగ్గర తగ్గే గాలి ఒత్తిడి, వాతావరణ పీడనంలో ఒకటి రెండు శాతానికి మించదు. అంటే ఫిల్టరే లేకుండా నడిపినా 90 హార్స్‌పవర్ ఇంజిన్‌కు కలిసొచ్చేది ఒకటో రెండో. ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా ఆ హద్దు దాటలేదు. సీట్లో కూర్చున్నవారికి బండి దూసుకుపోతున్నట్టు అనిపించడానికి అసలు కారణం శబ్దం. గాలి పీల్చే హోరు పెరిగేసరికి వేగం కూడా పెరిగిందని చెవి నమ్మిస్తుంది.

కోన్ ఫిల్టర్‌తో నష్టం జరిగే అవకాశమే ఎక్కువ. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా గ్రిల్లు పక్క నుంచో, ఫెండరు లోపలి నుంచో చల్లటి గాలి లాక్కునేలా గొట్టం పెట్టి ఉంటుంది. ఆ డబ్బాను పీకేసి బానెట్ కింద కోన్‌ను ఊరికే వేలాడదీస్తే, రేడియేటరు వేడికీ ఎగ్జాస్ట్ వేడికీ కాగిన గాలే ఇంజిన్‌కు దక్కుతుంది. బయట 35 డిగ్రీలున్న రోజు లోపల 60 డిగ్రీల గాలి పీల్చిందంటే గాలి సాంద్రత ఏడెనిమిది శాతం పడిపోతుంది. ఫిల్టర్ వల్ల ఒక శాతం వచ్చిందనుకున్నా, వేడి దానికి ఎన్నో రెట్లు లాగేసుకుంటుంది. మే నెలలో రామగుండం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డ కారు పరిస్థితి ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దుమ్ముకూ వేగానికీ మధ్య ఈ పేచీ పాతదే. 1942లో మాల్టాకూ, ఉత్తర ఆఫ్రికాకూ పంపిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలకు ఎడారి ఇసుక నుంచి కాపాడేందుకు బ్రిటిష్‌వాళ్లు ముక్కు కింద వోక్స్ అనే పెద్ద ఫిల్టర్ బిగించారు. దాంతో వేగమూ తగ్గింది, పైకెగిరే చురుకూ తగ్గింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎగిరే పైలట్లకు అది చిన్న విషయం కాదు. అయినా ఫిల్టర్ పీకి పారేయలేదు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఉన్న వాయుసేన మరమ్మతు యూనిట్, గాలికి తక్కువ అడ్డు తగిలే చిన్న ఫిల్టర్‌ను సొంతంగా రూపొందించి బిగించింది. శత్రు విమానాలు తరుముతున్నవాళ్లే దుమ్ముతో రాజీపడలేదు.

దుమ్ము ఆపడంలో ఫిల్టర్ల మధ్య తేడా చిన్నదేమీ కాదు. పరీక్ష ఎలా చేయాలో చెప్పే ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తూచిన ధూళిని లెక్క ప్రకారం గాలిలోకి వదిలి, ఫిల్టర్ ఎంత ఆపింది, ఎంత వదిలింది, ఎప్పటికి పూడుకుపోయింది అన్నది కొలుస్తారు. సుమారు ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఒక ఔత్సాహికుడు డ్యూరామాక్స్ డీజిల్ ట్రక్కుకు సరిపోయే ఫిల్టర్లు పోగేసి ఈ ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించాడు. కంపెనీ కాగితం ఫిల్టర్ 99.93 శాతం ధూళిని ఆపింది. ఎర్ర ఫిల్టర్ల తరహాలో నూనె పట్టించిన నూలు ఫిల్టర్ 96.8 శాతం ఆపింది. రెండూ వందకు దగ్గరే కదా అనిపిస్తుంది. కానీ ఇంజిన్‌ను అరగదీసేది ఆగిన దుమ్ము కాదు, దాటిపోయిన దుమ్ము. వంద గ్రాములు వదిలితే ఒకదాని నుంచి 0.07 గ్రాములు లోపలికి పోయింది, రెండోదాని నుంచి 3.2 గ్రాములు. ఒక మోడల్‌కు చేసిన ఈ ఒక్క పరీక్షను అన్ని ఫిల్టర్లకూ అంటగట్టడం న్యాయం కాదు. కానీ ఏ కొనుగోలుదారుడైనా షాపులో మొదట అడగాల్సిన ప్రశ్న ఏదో ఇది చెబుతుంది.

నూలు ఫిల్టర్లకు గొప్ప పేరు తెచ్చిన కె అండ్ ఎన్ కంపెనీ 1969లో కాలిఫోర్నియాలో మొదలైంది. దాని వ్యవస్థాపకులకు మోటార్‌సైకిళ్ల వ్యాపారం ఉండేది. రేసుల్లో ఆ ఫిల్టర్లకు ఆదరణ ఊరికే రాలేదు. కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలి ధారాళంగా వస్తుంది. అయితే రేసు ఇంజిన్‌ను తరచూ విప్పి రింగులు మారుస్తారు. రెండు లక్షల కిలోమీటర్లు నడవాలని ఈఎంఐ కట్టుకుంటున్న కుటుంబం కారుకు ఆ వీలు లేదు.

పైగా మన రోడ్లు కాలిఫోర్నియా రోడ్లు కావు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్క దారిలో లారీ వెనక వెళ్తే అద్దం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్ల దగ్గరా అంతే. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము, అనంతపురం పల్లెల్లో ఎర్రమట్టి, కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద వడ్ల ఊక. ఇలాంటి చోట్ల తిరిగే కారుకు ఎక్కువ దుమ్ము పట్టే ఫిల్టరే మంచి ఫిల్టర్. చాలా పెట్రోలు కార్ల మాన్యువల్‌లో ఫిల్టర్‌ను ముప్పై నలభై వేల కిలోమీటర్లకు మార్చమని ఉంటుంది. ఆ పక్కనే, దుమ్ము ఎక్కువున్న చోట ఇంకా ముందే చూడమని కూడా ఉంటుంది. ఆ రెండో మాట మన దగ్గర చాలా కార్లకు వర్తిస్తుంది.

మంచి ఫిల్టర్‌ను మన చేతులతోనే పాడుచేసే అలవాటు ఇంకొకటి ఉంది. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో కుర్రాడు క్లిప్పులు ఊడదీసి, ఫిల్టర్‌ను టైరు మీద రెండుసార్లు కొట్టి, కంప్రెసర్ గొట్టం మూతిని మడతలకు ఆనించి గాలి వదులుతాడు. ఎర్రటి దుమ్ము గుప్పున లేస్తుంది. యజమాని ముఖం వెలిగిపోతుంది. టైరులో పెట్టేది ముప్పై పీఎస్‌ఐ చిల్లర, ఆ గొట్టంలోంచి వచ్చేది వందకు పైన. అంత ఒత్తిడికి కాగితం మడత చిరుగుతుంది. ఆ ఫిల్టర్‌ను ఎండకు ఎత్తి చూస్తే సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. ఆ రంధ్రాల గుండా వచ్చే గాలికి ఇక ఫిల్టర్ లేనట్టే. కాగితం మీద పట్టిన పల్చటి దుమ్ము పొర తర్వాతి దుమ్మును ఆపడానికి సాయపడుతుంది కూడా. ఊరికే విప్పి దులపడం కన్నా టైముకు మార్చడం మేలు. నెలల తరబడి కదలని కారైతే డబ్బాలో ఎలుక గూడు కట్టిందేమో చూసుకోవడమూ అవసరమే.

వేరే కంపెనీ ఫిల్టర్లన్నీ చెడ్డవని కాదు. బాష్, మాలే, మాన్ లాంటి సంస్థలు చేసే కాగితం ఫిల్టర్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. డూప్లికేట్‌తోనే ప్రమాదం. కొనేటప్పుడు చుట్టూ ఉన్న రబ్బరు అంచు మెత్తగా, ఎక్కడా తెగకుండా ఉందో లేదో నొక్కి చూడాలి. మడతలు వత్తుగా, సమానంగా ఉండాలి. పాతదాని పక్కన పెడితే కొలతలో తేడా ఉండకూడదు. బిగించి వెయ్యి కిలోమీటర్లు నడిపాక డబ్బా మూత తీసి, ఫిల్టర్‌కు అవతల ఇంజిన్ వైపు ఉన్న గొట్టంలో తెల్లగుడ్డ చుట్టిన వేలితో తుడవాలి. గుడ్డ శుభ్రంగా వస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చుందన్నమాట. మట్టి అంటితే అంచుల్లోంచి గాలి దొంగతనంగా పోతోంది. బ్రాండ్ ఏదైనా ఆ ఫిల్టర్‌ను ఆ రోజే తీసేయాలి.

ట్రాక్ మీద తోలేవాళ్లు, టర్బో ఇంజిన్‌ను రీమ్యాప్ చేయించి గాలి అవసరం పెంచుకున్నవాళ్లు నూలు ఫిల్టర్ కొనుక్కోవచ్చు. వాళ్లయినా కంపెనీ డబ్బాలోనే ఇమిడే ప్యానెల్ రకం తీసుకుంటే వేడిగాలి బెడద తప్పుతుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, నూనె కొలత ప్రకారమే పట్టించాలి. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్ తీగకు అంటుకుని బండి కుదుపులు పెడుతుందని మెకానిక్‌లు చెబుతారు, తయారీదారులు ఒప్పుకోరు. తక్కువైతే మాత్రం దుమ్ము దాటిపోతుంది, అందులో వాదనేమీ లేదు. వారంటీ ఉన్న కారైతే కొనకముందే షోరూంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఫ్రిజ్ కొనే ఇల్లాలికి అది ఎంత కరెంటు తాగుతుందో 2006లో మొదలైన స్టార్ లేబుల్ పథకం చెబుతోంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద కూడా మూడు అంకెలు తప్పనిసరి చేయాలి. ఐఎస్‌ఓ 5011 పరీక్షలో ఎంత శాతం ధూళి ఆపింది, పూడుకుపోయేలోగా ఎన్ని గ్రాములు పట్టింది, గాలికి ఎంత అడ్డు తగిలింది. తయారీదారుల దగ్గర ఈ అంకెలు ఉండనే ఉంటాయి, పరీక్ష చేయకుండా ఎవరూ ఫిల్టర్‌ను కార్ల కంపెనీకి సరఫరా చేయలేరు. కేంద్ర రవాణా శాఖ ఆదేశిస్తే అచ్చువేయడానికి పెద్ద ఖర్చూ కాదు. అంతవరకు షాపులో ఆ అంకెలు అడగాలి. చెప్పలేని ఫిల్టర్‌ను కౌంటరు మీదే వదిలేసి, మూడు నాలుగు వందలకు వచ్చే కాగితం ఫిల్టర్‌తో ఇంటికి రావాలి.